జోస్య మంత్రాల రూపకల్పన (టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటలు)

టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటల్లో, పాత్రకు మామూలుగా తెలిసే వీలు లేని సంగతిని తెలియజెప్పేది జోస్య మంత్రం. మూసిన తలుపు వెనక ఏముంది, పోయిన ఉంగరం ఎటు ఉంది, ఈ పూట బయలుదేరితే మేలా కీడా, చనిపోయిన రాజు చివరి రోజున ఎవరిని కలిశాడు వంటి ప్రశ్నలన్నీ దీని కిందికి వస్తాయి. అచ్చయిన నిబంధనల పుస్తకంలో లేకుండా ఆడేవాళ్లు తమ కోసం తాము రాసుకున్నదాన్ని హోమ్‌బ్రూ మంత్రం అంటారు. హోమ్‌బ్రూలో నిప్పుల బంతిని విసిరే మంత్రం రాయడం తేలిక, జోస్య మంత్రం రాయడం కష్టం. నిప్పు ఎంత కాల్చిందో పాచికలు చెబుతాయి. దాగిన నిజం ఏమిటో మాత్రం ఆటను నడిపే మనిషి చెప్పాలి. ఆ మనిషికి జవాబు తెలియకపోతే మంత్రం వట్టిపోతుంది, తెలిసినదంతా చెప్పేస్తే కథ అక్కడితో ఆగిపోతుంది. జోస్య మంత్రం రాసేవాళ్లు నిజానికి రాస్తున్నది ఆటను నడిపే మనిషి ఏం చెప్పాలో, ఎంతవరకు చెప్పాలో నిర్ణయించే ఒప్పందాన్ని.

ఈ వ్యాసం ప్రధానంగా డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటను ఆధారం చేసుకుంది. ఆటను నడిపే వ్యక్తిని ఆ ఆటలో డంజన్ మాస్టర్ అని, పొట్టిగా డీఎం అని పిలుస్తారు. వేరే సంవత్సరం చెప్పని చోట అంకెలు, నియమాలు 2014 నాటి ఐదో ఎడిషన్‌వి.

చరిత్ర

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో అమెరికాలో, విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా నుంచి టీఎస్ఆర్ సంస్థ ప్రచురణగా వచ్చింది. మూడు చిన్న పుస్తకాల ఆ తొలి ముద్రణలోనే జోస్య మంత్రాలు గట్టిగా ఉన్నాయి. మాయను పసిగట్టేది, వస్తువు జాడ తీసేది, ఇతరుల ఆలోచనలు వినేది, దూరంగా ఉన్నదాన్ని చూసేది అప్పటికే ఉన్నాయి. పూజారి పాత్రకు ఇచ్చిన కమ్యూన్ మంత్రంతో పైలోకపు శక్తులను మూడు ప్రశ్నలు అడగవచ్చు, అదీ వారానికి ఒక్కసారే. మాంత్రికుడికి ఇచ్చిన కాంటాక్ట్ హయ్యర్ ప్లేన్ మరీ చిత్రమైనది. ఎంత పై తలాన్ని పలకరిస్తే నిజం తెలిసే అవకాశం అంత పెరుగుతుంది, మతి తప్పే ప్రమాదమూ అంతే పెరుగుతుంది. జోస్యానికి హద్దులు ఎలా గీయాలన్న ప్రశ్నకు గైగాక్స్, ఆర్నెసన్ మొదటి రోజే రెండు జవాబులు ఇచ్చారన్నమాట. ఒకటి ప్రశ్నల లెక్క, రెండోది అడిగినవాడు చెల్లించే మూల్యం. తర్వాత వచ్చిన మంత్రాలు చాలావరకు ఈ రెండింటి చుట్టూనే తిరిగాయి.

1978 నాటి అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ ప్రతి మంత్రం పక్కన దాని శాఖ పేరు రాసింది. జోస్యానికి ఇంగ్లిష్ మాటైన డివినేషన్ అలా ఒక శాఖ పేరయింది. చేయబోయే పని మేలా కీడా అని చెప్పే ఆగరీ అనే మంత్రం కూడా ఆ పుస్తకంలో ఉంది. అది నిజం చెప్పే అవకాశం 70 శాతం, పూజారి లెవెల్ ఒకటి పెరిగినప్పుడల్లా ఒక శాతం ఎక్కువ. 1989లో వచ్చిన రెండో ఎడిషన్ ఈ శాఖను పెద్ద, చిన్న అని రెండుగా చీల్చి, నాలుగో లెవెల్ వరకు ఉన్న జోస్య మంత్రాలను మాంత్రికులందరికీ తెరిచింది. మాయను పసిగట్టలేని మాంత్రికుడితో ఆట నడవదని అర్థమై చేసిన మార్పు అది. మూడో ఎడిషన్‌కు 2003లో వచ్చిన సవరణలో ఈ ఆలోచన ఇంకా ముందుకు వెళ్లింది. ఏదో ఒక శాఖలో ప్రత్యేకత సాధించే మాంత్రికుడు బదులుగా వేరే శాఖలను వదులుకోవాలి కానీ, డివినేషన్‌ను మాత్రం వదులుకోవడానికి వీల్లేదు. 2008 నాటి నాలుగో ఎడిషన్ జోస్య మంత్రాలను పోరాటం నుంచి పక్కకు తీసి, తీరికగా చేసే రిచువల్స్‌గా మార్చింది. 2014 పుస్తకం రెండు పద్ధతులనూ కలిపింది.

తెలిసినవారు ఎవరు?

రాయడానికి కూర్చున్నవాళ్లు ముందు తేల్చుకోవలసింది మంత్రం ఎంత బలమైనదన్న సంగతి కాదు, ఆ జవాబు ఎవరి నోటి నుంచి వస్తోందన్న సంగతి. చెప్పేది దేవుడైతే ఒక రకం, గోడైతే ఒక రకం, శవమైతే మరో రకం. శవంతో మాట్లాడించే స్పీక్ విత్ డెడ్ శాఖ ప్రకారం నెక్రోమన్సీ (మృత్యు మాయ) అయినా, జోస్యం రాసేవాళ్లకు అంతకన్నా మంచి పాఠ్యపుస్తకం లేదు. శవానికి నోరు మిగిలి ఉండాలి. ఐదు ప్రశ్నలకే జవాబు. బతికుండగా తనకు తెలిసినదే చెబుతుంది, చనిపోయాక జరిగింది దానికి తెలియదు. అడిగేవాళ్లు దానికి శత్రువులైతే నిజం చెప్పి తీరాలని కూడా లేదు. ఒకసారి మాట్లాడించిన శవాన్ని మళ్లీ 10 రోజుల వరకు కదపలేం. వెనక నుంచి పొడిచి చంపిన హంతకుణ్ని ఆ శవం చూడనేలేదు అనుకుందాం. అలాగని మంత్రం అబద్ధం ఆడలేదు, ఓడిపోనూ లేదు. చివరిగా ఎవరితో భోంచేశాడో, తాళం ఎవరి దగ్గర ఉందో అడిగే తెలివి ఆటగాళ్లకు ఉంటే దారి దొరుకుతుంది.

కొత్తగా రాసేవాళ్ల మంత్రాల్లో ఈ ఆలోచనే ఎక్కువగా లోపిస్తుంది. “ఆ స్థలంలో జరిగిన నిజం మీకు తెలుస్తుంది” అని రాసేస్తారు. ఎవరి దృష్టిలో నిజం? ఎంత వివరంగా? అక్కడ డీఎం నోట మాట రాదు. జ్ఞానానికి ఒక మూలం, ఆ మూలానికి ఒక గుడ్డితనం ఉంటే తప్ప డీఎంకు ఎక్కడ ఆపాలో తెలియదు.

భవిష్యత్తు సంగతి ఇంకా సున్నితం. జరగబోయేది డీఎంకు కూడా తెలియదు, ఎందుకంటే అది ఆటగాళ్ల చేతిలో, పాచికల చేతిలో ఉంది. ఆగరీ మాటల్ని జాగ్రత్తగా చదివితే ఈ చిక్కును ఎంత నేర్పుగా విప్పారో కనిపిస్తుంది. రాబోయే 30 నిమిషాల్లో చేయదలచిన ఒక నిర్దిష్టమైన పని గురించే అడగాలి. జవాబు నాలుగింట్లో ఒకటి: మేలు, కీడు, మేలూ కీడూ, రెండూ కాదు. ఈలోగా ఎవరైనా మరో మంత్రం వేసినా, ఒక తోడు చేరినా, విడిపోయినా ఫలితం మారిపోవచ్చని, ఆ మార్పులను మంత్రం లెక్కలోకి తీసుకోదని నిబంధనే చెబుతుంది. ఆ 30 నిమిషాల గడువులోనే కిటుకంతా ఉంది. అరగంటలో పాత్రలు చేరుకునేది పక్క గదికే, ఆ గదిలో ఏముందో డీఎం కాగితం మీద సిద్ధంగా ఉంటుంది. నాలుగో లెవెల్‌లో ఉన్న డివినేషన్ అనే మంత్రం గడువును 7 రోజులకు పెంచింది. అందుకు తగ్గట్టే జవాబు రూపాన్ని వదులు చేసింది. చిన్న మాట, గూఢమైన పద్యం, శకునం, వీటిలో ఏదైనా సరే. దూరం పెరిగేకొద్దీ మసక పెరగాలన్న ఈ నియమం హోమ్‌బ్రూ రాసేవాళ్లకు కంఠతా ఉండాలి.

మౌనమా, అబద్ధమా

మంత్రం విఫలమైనప్పుడు ఏం జరగాలి? ఈ విషయంలో పుస్తకాలు ఒక్క తీరులో లేవు. 2014 ఆగరీని లాంగ్ రెస్ట్ (పాత్ర తీసుకునే సుదీర్ఘ విశ్రాంతి) తీసుకోకుండా రెండోసారి వేస్తే 25 శాతం, మూడోసారి వేస్తే 50 శాతం అవకాశంతో గాలివాటుగా ఏదో ఒక జవాబు వస్తుంది. డీఎం ఆ పాచికను రహస్యంగా వేస్తారు కాబట్టి అది తప్పుడు జవాబని ఆటగాళ్లకు తెలియదు. కమ్యూన్‌లో అదే 25 శాతానికి అసలు జవాబే రాదు. పాత్‌ఫైండర్ అనే వేరే ఆటకు 2019లో వచ్చిన రెండో ఎడిషన్ ఆగరీలో డీఎం స్థానంలో ఉన్నవారు రహస్యంగా 20 ముఖాల పాచిక వేస్తారు, 6 కన్నా తక్కువ పడితే జవాబు “రెండూ కాదు” అనే వస్తుంది.

వీటిలో మౌనమే మేలు. మంత్రం అబద్ధం చెప్పిందని తర్వాత తెలిసిన ఆటగాడు మంత్రాన్ని కాదు, ఎదురుగా కూర్చున్న మనిషిని అనుమానించడం మొదలుపెడతాడు. ఒకసారి ఆ నమ్మకం పోతే ఆ బల్ల దగ్గర ఇంకెవరూ జోస్యం జోలికి పోరు. అబద్ధం తప్పనిసరి అయితే దానికి కథలో ఒక కారణం, పట్టుకోగల ఒక గుర్తు ఉండాలి. పలికిన దేవత స్వార్థపరురాలు కావచ్చు, అద్దం పగిలి ఉండవచ్చు. గుర్తు లేని అబద్ధంతో ఆటకు ఒరిగేది ఏమీ లేదు.

లెవెల్, ఖర్చు, అడ్డుగోడలు

డంజన్ మాస్టర్స్ గైడ్‌లో కొత్త మంత్రాలు రాసేవారికి సలహాలు ఉన్నాయి. ఏ లెవెల్ మంత్రం ఎన్ని పాచికల దెబ్బ కొట్టాలో చూపే పట్టిక కూడా ఉంది. జోస్యానికి ఆ పట్టిక అక్కరకు రాదు, ఇక్కడ కొలిచేది గాయాన్ని కాదు. పోల్చి చూడటం ఒక్కటే దారి. మాయను పసిగట్టడం ఒకటో లెవెల్. ఆగరీ, ఆలోచనలు వినడం రెండు. మైలు దూరం లోపల ఉన్న చోటును చూడటం, వినడం మూడు. లోకంలో ఎక్కడున్న మనిషినైనా చూపే స్క్రయింగ్ ఐదు. మాయపొరలన్నీ తొలగించి చూపే ట్రూ సీయింగ్ ఆరు. రాసిన మంత్రం ఏ రెండింటి మధ్య కూర్చుంటుందో చూసుకుంటే లెవెల్ దాదాపు తేలిపోతుంది. ఇచ్చే సమాచారం ఆటగాళ్లకు నడిచి, అడిగి, వెతికి దొరికేదే అయితే లెవెల్ తక్కువ చాలు. ఏ దారిలోనూ దొరకనిదైతే పైకి వెళ్లాలి.

అదే సలహాల్లో ఒకటి మాత్రం జోస్యానికి సరిగ్గా సరిపోతుంది: ఎప్పుడూ ఇదే వాడాలనిపించేంత బాగుంటే ఆ మంత్రం దాని లెవెల్‌కు మించినదై ఉండవచ్చు. ఈ తప్పు రిచువల్ అనే చిన్న మాట వల్ల జరుగుతుంది. రిచువల్‌గా వేస్తే 10 నిమిషాలు అదనంగా పడుతుంది కానీ స్పెల్ స్లాట్, అంటే మంత్రాలు వేయడానికి పాత్రకు పరిమితంగా ఉండే వాటా, ఖర్చు కాదు. తొందర లేని కథలో ఆ 10 నిమిషాలకు విలువేమీ లేదు. ప్రతి తలుపు ముందూ ఆగి మంత్రం చదివే బృందాన్ని తప్పుపట్టలేం, నిబంధనే వాళ్లను అలా ఆడమంది. బంగారం ఖర్చు కొంత మెరుగు. డివినేషన్ మంత్రానికి 25 బంగారు నాణేల విలువైన ధూపం, నైవేద్యం కావాలి, అవి వాడగానే హరించుకుపోతాయి. ఒక స్థలం లేదా ప్రసిద్ధ వస్తువు పూర్వ కథ చెప్పే లెజెండ్ లోర్‌కు 250 నాణేల ధూపం కాలిపోతుంది. దీని పాత రూపం ఇంకా అందమైనది. 2000 నాటి మూడో ఎడిషన్‌లో ఆ వస్తువు చేతిలో ఉంటే పని గంటలోపే అయిపోయేది, వట్టి పుకార్లే ఆధారమైతే 2 నుంచి 12 వారాలు పట్టేది. ఎంత తెలిసి అడిగితే అంత త్వరగా జవాబు రావడం అన్నమాట. అలా ఆటగాళ్ల వెతుకులాటే మంత్రానికి ఇంధనమైంది. స్క్రయింగ్‌లోనూ అదే సూత్రం ఉంది. ఎవరి కోసం చూస్తున్నారో వారి గురించి విని మాత్రమే ఉంటే మంత్రాన్ని తప్పించుకోవడానికి ఆ వ్యక్తి వేసే పాచికకు (సేవింగ్ త్రో) 5 కలుస్తుంది, బాగా తెలిసినవారైతే 5 తగ్గుతుంది. వారి బట్ట చేతిలో ఉంటే మరో 4, వెంట్రుకో గోరుముక్కో ఉంటే 10 తగ్గుతుంది. ఒక్క వెంట్రుక కోసం కోటలోకి చొరబడే సాహసం ఇలాంటి నిబంధనలోంచే పుడుతుంది.

అడ్డుగోడలు కూడా మంత్రంలోనే రాసిపెట్టాలి. మాయను పసిగట్టే మంత్రాన్ని అడుగు మందం రాయి, అంగుళం మందం మామూలు లోహం, మూడడుగుల కలప లేదా మట్టి ఆపేస్తాయి. సీసమైతే పల్చటి రేకు చాలు. ఈ ఒక్క వాక్యం వల్ల సీసపు పెట్టె కనిపించిన ప్రతిసారీ ఆటగాళ్ల చెవులు నిక్కబొడుచుకుంటాయి. దీనికి భిన్నంగా, ప్రతినాయకుడికి ఏ జోస్యమూ తగలని తాయెత్తు కట్టేసే డీఎంలు ఉన్నారు. స్లాటూ బంగారమూ పోసి అడిగిన ఆటగాడికి అది అన్యాయం. సీసపు గోడను వెతికి పట్టుకోవచ్చు, దాటవచ్చు. తాయెత్తు మాట చెప్పి తలుపు మూసేస్తే ఆటగాడు చేయగలిగింది ఏమీ ఉండదు.

ఒక మంత్రం తయారీ: గడప సాక్ష్యం

ఇదంతా ఒక ఉదాహరణలో చూద్దాం. తలుపు గడపను తాకి, దాన్ని దాటినవారి గురించి తెలుసుకునే మంత్రం కావాలి. మొదటి చిత్తు ఇలా రావచ్చు: “గడపను తాకితే గత 24 గంటల్లో దాన్ని దాటినవారందరూ మీకు కనిపిస్తారు.” దీన్ని ఒక హత్య కథలో పెడితే, మంత్రం వేసిన మొదటి నిమిషంలోనే హంతకుడి ముఖం దొరికి ఆ రాత్రి ఆట అయిపోతుంది. సత్రం గుమ్మం దగ్గర పెడితే ఇంకో రకంగా చెడుతుంది. పగలంతా వచ్చిపోయిన వందమందిని డీఎం ఒక్కొక్కరిగా కల్పించి చెప్పలేరు. ఒకచోట ఎక్కువ చెబుతుంది, ఒకచోట చెప్పలేని భారం మోపుతుంది.

ఇప్పుడు సాక్షి ఎవరో గుర్తు తెచ్చుకోవాలి. గడపకు కళ్లు లేవు. దానికి తెలిసేది పాదం, బరువు, లోపలికా బయటికా అన్న దిక్కు, అంతే. దాని జ్ఞాపకమూ చిన్నదే అనుకుంటే రెండో చిత్తు ఇలా తయారవుతుంది:

ఒకటో లెవెల్ డివినేషన్, రిచువల్. వేయడానికి పట్టే సమయం 1 నిమిషం. పరిధి స్పర్శ. కావలసినది ఆ గడప మీది చిటికెడు దుమ్ము. మనుషులు కట్టిన గుమ్మపు గడపను తాకి ఈ మంత్రం వేస్తే, దాని మీదుగా జరిగిన చివరి మూడు దాటింపులు వరసగా తెలుస్తాయి. ఒక్కొక్కదానికి ఎన్ని పాదాలు, చెప్పులు ఉన్నాయా లేవా, లోపలికా బయటికా, మీకన్నా బరువా తేలికా అన్నది తెలుస్తుంది. ముఖం, పేరు, సమయం తెలియవు. నేలను తాకకుండా దాటినవి గడపకు తెలియవు. మోసుకెళ్లిన బరువు మోసినవారి బరువులో కలుస్తుంది. ఒకసారి పలికిన గడప మళ్లీ సూర్యోదయం దాకా పలకదు. రెండో లెవెల్ లేదా అంతకు పైని స్లాట్ వాడితే, ఒకటికి పైన ఉన్న ప్రతి లెవెల్‌కు మరో రెండు దాటింపులు తెలుస్తాయి.

అదే హత్య గదికి వద్దాం. వర్తకుడు లోపల చచ్చి పడి ఉన్నాడు, తలుపు తీసి చూసిన నౌకరు గడప దాటకుండా కేకలు వేశాడు. గడప చెప్పింది: బయటికి వెళ్లిన చెప్పుల జత, తేలిక, లోపలికి వచ్చిన బూట్ల జత, బరువు, లోపలికి వచ్చిన ఉత్త పాదాలు, చాలా తేలిక. తర్వాత బయటికి ఎవరూ వెళ్లలేదు. ఆ మాట వినగానే ఆటగాళ్లు తలెత్తి పైకప్పు దూలాల వైపు, కిటికీ వైపు చూస్తారు. మంత్రం హంతకుణ్ని చూపలేదు కానీ గదిని మళ్లీ చూసేలా చేసింది. ఇంకో లాభం కూడా ఉంది. తొందరపడి లోపలికి నడిచిన బృందానికి తమ అడుగులే వినిపిస్తాయి, అసలు సాక్ష్యం చెరిగిపోతుంది. రెండుసార్లు ఆడాక ఏ గుమ్మం ముందైనా ఆగి, “ఎవరూ కదలకండి” అనే అలవాటు బృందానికి దానంతట అదే వస్తుంది. నిబంధన చెప్పకుండానే ఆట తీరు మారడం మంచి రూపకల్పనకు గుర్తు.

శవాన్ని భుజాన వేసుకుని బయటికి నడిచిన వ్యక్తి ఈ గడపకు ఒక్క బరువైన మనిషిగానే తోస్తాడు. ఆ జవాబు దారి తప్పించవచ్చు కానీ అబద్ధం కాదు. బరువు కలుస్తుందన్న వాక్యం మంత్రంలోనే ఉంది కాబట్టి ఆటగాళ్లు దాన్ని ఊహించి ఉండవచ్చు.

పరీక్షించేటప్పుడు చూడవలసిన ముఖ్యమైన గుర్తు డీఎం తడబాటు. మంత్రం వేసిన ప్రతిసారీ “కాసేపు ఆగండి, ఆలోచించాలి” అనవలసి వస్తుంటే తప్పు డీఎంది కాదు, మంత్రం మాటలది. గడప సాక్ష్యానికి మూడు చిన్న వర్ణనలు చాలు, అవి అప్పటికప్పుడు చెప్పగలిగినవే.

ఇతర దారులు

జోస్యం అంటే ప్రశ్న, జవాబే కానక్కర్లేదు. ఐదో ఎడిషన్‌లో డివినేషన్ శాఖ మాంత్రికుడికి పోర్టెంట్ అనే శక్తి ఉంది. లాంగ్ రెస్ట్ ముగియగానే రెండు 20 ముఖాల పాచికలు వేసి అంకెలు దాచుకుంటాడు. తర్వాత తనదో, మిత్రుడిదో, శత్రువుదో పాచిక పడబోయే ముందు దాని బదులు దాచిన అంకెను పెడతాడు. డీఎం ఒక్క రహస్యం కూడా చెప్పనక్కర్లేదు, అయినా విధి తెలిసిన మనిషిలా ఆడవచ్చు. హోమ్‌బ్రూ రాసేవాళ్లు దీన్ని ఇంకా ఎక్కువగా వాడుకోవాలి. తొమ్మిదో లెవెల్ ఫోర్‌సైట్ కూడా 8 గంటల పాటు పాచికల్లో అనుకూలత ఇస్తుందే తప్ప భవిష్యత్తు చెప్పదు.

1987లో జొనాథన్ ట్వీట్, మార్క్ రైన్-హేగన్ రాసిన ఆర్స్ మాజికా అనే ఆటలో గ్రహించడం అన్నది ఒక క్రియ. దాన్ని నీరు, మనసు, శరీరం వంటి రూపాలతో జతకలిపి మంత్రాన్ని అక్కడికక్కడే అల్లుకుంటారు. జ్ఞానానికి మూలం ఏదన్న ప్రశ్నకు ఆ ఆట నిర్మాణమే జవాబు చెబుతుంది. 2012 నాటి డంజన్ వరల్డ్ అనే ఆటలో, పాత్రకు ఒక సంగతి తెలుసని ఆటను నడిపే మనిషి చెప్పాక “అది నీకెలా తెలుసు?” అని ఆటగాణ్ని తిరిగి అడగవచ్చు. ఇక్కడ జవాబు ఇద్దరూ కలిసి అప్పుడు కల్పించేదే. రాబిన్ లాస్ రూపొందించిన గమ్‌షూ పద్ధతిలోనైతే ముఖ్యమైన ఆధారం దొరకడానికి పాచికే వేయరు.

పుస్తకాల్లోని పూజాద్రవ్యాలు ఎక్కువగా యూరప్ కథల నుంచి వచ్చినవి: రత్నాలు పొదిగిన పుల్లలు, ఎముకలు, చీట్లు, స్ఫటికపు గోళం. తెలుగు ఆటగాళ్లు తమ బల్ల కోసం రాసుకునేటప్పుడు అంజనం, సోది, గవ్వలు చేతికి అందే దూరంలో ఉన్నాయి. అంజనం వేసి చూసేది ఎక్కువగా పోయిన వస్తువు కోసం. సోదిలో చేటలో పోసిన గింజలే దక్షిణ, చెప్పేది దేవత పలుకుగా వస్తుంది. అంటే వీటిలో ప్రతిదానికీ మూలం, ఖర్చు, జవాబు రూపం ముందే ఉన్నాయి. ఎరుకల స్త్రీలకు సోది తరతరాల బతుకుతెరువు. దాన్ని ఆటలోకి తెచ్చేవాళ్లు వేషాన్ని, యాసను వెక్కిరింపుగా కాక, ఆ ప్రశ్నోత్తరాల క్రమాన్ని తీసుకోవడం మర్యాద.

ప్రచురణ

ఇంట్లో ఆడుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పదిమందికి పంచాలన్నా, అమ్మాలన్నా లైసెన్స్ చూసుకోవాలి. ఐదో ఎడిషన్ మౌలిక నిబంధనల పత్రం ఎస్ఆర్‌డీ 5.1ను ఆట ప్రస్తుత ప్రచురణకర్త విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ 2016లో ఓపెన్ గేమ్ లైసెన్స్ కింద, 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్ 4.0 కింద విడుదల చేసింది. మూలాన్ని పేర్కొంటే చాలు, ఆ పత్రంలోని మంత్రాల మాటలను తీసుకుని మార్చి ప్రచురించవచ్చు. పాత మాంత్రికుల పేర్లు మాత్రం ఆ పత్రంలో లేవు. పుస్తకంలో రేరీ పేరుతో ఉన్న టెలిపతిక్ బాండ్ అక్కడ ఉత్త టెలిపతిక్ బాండ్‌గానే ఉంటుంది. కొత్త మంత్రాన్ని పాత దానితో పోల్చి రాసేటప్పుడు పుస్తకంలోని పేరు కాక ఆ పత్రంలోని పేరే వాడాలి.